నా కాళ్ల మీదికి పాకిన మాట

ముందుగాల ఒక ముచ్చట చెప్తే మీ పానం నిమ్మళమైతది. నేను బతికే ఉన్న. నిలబడే ఉన్న. ఇది సుత నిలబడే రాస్తున్న, మా ఆయన కటింగ్ టేబుల్ మీద, పక్కకు దారపు రీళ్లు జరుపుకొని. కాళ్లు వణికితే కాసేపు కూసుంట, మళ్లా లేస్త. ఇప్పుడు నన్ను తొందరపెట్టే ధైర్యం ఎవ్వరికీ లేదు.

ఎందుకు రాస్తున్ననంటే, పంజాగుట్టల నేనున్న దవఖాన వెయిటింగ్ హాల్ల నా కుర్చీల ఇయ్యాల ఇంకెవరో కూసోని ఉంటరు. పక్కన ఎవరో ఒకరు చేరి, "మెల్లమెల్లగ తగ్గుతదిలేమ్మా" అని నెత్తి నిమురుతుంటరు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అప్పుడు నాకు అరికాళ్లే తెలుస్తలేవు, ఇగ ఆ మంట ఎక్కడికెల్లి వచ్చేదో నాకే ఎరుక లేదు. ఆ కుర్చీల కూసున్నోళ్లకు చెప్పాలనే రాస్తున్న. కోపం రావాలె. కోపం మంచిదే.

నా పేరు స్వరూప. మాది సిరిసిల్ల దిక్కు. మా నాయిన మగ్గం నేసెటోడు. పెండ్లయినంక పట్నం వచ్చిన. మా ఆయన రాజేశం బల్కంపేటల జాకెట్లు కుడ్తడు. ముందటర్ర దుకాణం, వెనుక రెండర్రలు ఇల్లు. ఇంట్ల ఆయన, నేను, మా అత్తమ్మ. బిడ్డ వరంగల్‌ల హాస్టల్ల ఉండి చదువుకుంటది.

నేను అమీర్‌పేటల స్పోకెన్ ఇంగ్లీషు చెప్త. తెలుగు మీడియంల చదివినదాన్ని, ఆ భాష కోసం ఎంత ఏడ్సిన్నో నాకు తెలుసు, గందుకే నా తీరుగ చెప్త. మా ఇన్‌స్టిట్యూట్ ఒక పాత బిల్డింగుల రెండో అంతస్తు మీద ఉన్నది. కింద జిరాక్స్ షాపు, మొదటి అంతస్తుల సాఫ్ట్‌వేర్ కోర్సులు. లిఫ్ట్ లేదు. మెట్లు ఎంత ఇరుకంటే ఎదురుగ మనిషొస్తే గోడకు అతుక్కోవాలె.

నా క్లాసుకు ఒక పద్ధతున్నది. దినాం ఒక కొత్త మాట బోర్డు మీద రాస్త. ఒక్కొక్కరు లేచి నిలబడి ఆ మాటతోని ఒక వాక్యం చెప్పాలె. కూసోని చెప్తే ఒప్పుకోను. నిలబడి నలుగురి ముందట నోరు తెరుసుడే సగం ఇంగ్లీషు. ఇంకొకటి, పుస్తకంల వాక్యం నడువది, తమకు నిజంగ జరిగిందే చెప్పాలె. చెప్పినంక క్లాసంతా కలిసి తీర్పిస్తది. నిజమనిపిస్తే "సచ్!" అని ఒర్రుతరు. అబద్ధమనిపిస్తే "ఝూట్!" అంటరు, అప్పుడు ఇంకో వాక్యం చెప్పేదాంక కూసునేది లేదు. మొదటి వాక్యం నాది. టీచర్‌కు సుత మాఫీ లేదు.

ఆషాఢం

ఆ దినం నేను రాసిన మాట 'క్రీప్'.

"మెల్లగ, చప్పుడు కాకుండ, మనకు తెలువకుండనే ముందుకొచ్చుడు," అని చెప్పిన. "పురుగు పాకినట్టు, గోడ మీద నీడ జరిగినట్టు."

బోరబండ ఖాజా భాయ్ ముందుగాల లేచిండు. క్యాబ్ నడుపుతడు. ఎయిర్‌పోర్టు సవారీలతోని ఇంగ్లీషుల మాట్లాడాలని మా క్లాసుల చేరిండు. వయసుల నాకంటె పెద్దోడు, అయినా నన్ను మేడమ్ అనే అంటడు. "మేడమ్, మై కార్ క్రీప్స్ ఇన్ పంజాగుట్ట సర్కిల్," అన్నడు.

"భాయ్, గది క్రీప్ కాదు, పార్కింగ్!" అని వెనుక బెంచిలకెల్లి ఎవరో అన్నరు. క్లాసంతా నవ్వింది. సచ్, సచ్ అని బల్లలు గుద్దిండ్రు.

"మేడమ్, మొదలు మీది కదా చెప్పాలె, మర్చిపోయిండ్రు," అన్నడు ఖాజా భాయ్.

నిజంగనే మర్చిపోయిన. దబ్బున ఏదన్న నిజం కావాలె. పొద్దటి సంది కాళ్లు తిమ్మిర్లు పడ్తున్నయి, అదే నోటికొచ్చింది. "ద నంబ్‌నెస్ ఈజ్ క్రీపింగ్ అప్ మై లెగ్స్," అన్న. తిమ్మిరి నా కాళ్ల మీదికి పాకుతున్నది అని. పొద్దుగాల వేళ్లల్ల ఉండే, ఇప్పుడు మడిమల దాంక వచ్చింది అని తెలుగుల సుత చెప్పిన.

"సచ్!" అని ఒర్రిండ్రు. చప్పట్లు సుత కొట్టిండ్రు. మస్తు మంచి ఉదాహరణ దొరికిందని నేను సుత నవ్విన. అంత సక్కగ చెప్పిన మాటను అక్కడున్న ఒక్కరం పట్టించుకోలే, నాతో సహా.

దినమంతా నిలబడి చెప్పెటోళ్లకు కాళ్లు గుంజుడు మామూలే అనుకున్న. ఆ ముందు వారం కడుపు చెడి నీరసంగ సుత ఉండె. మెడికల్ షాపుల నరాల బలానికని గోలీలు తెచ్చుకొని మింగిన.

మూడో నాడే బోనం. మా అత్తమ్మకు బల్కంపేట ఎల్లమ్మ అంటే పానం. ఏటా ఆ తల్లికి బోనం నేనే ఎత్తాలె. పసుపు రాసిన కుండ, లోపల పెరుగన్నం, చుట్టు వేపరెమ్మలు, మీద దీపం. చెప్పుల్లేకుండ ఇంటికాడికెల్లి బయలెల్లినం. డప్పులు, జనం. నాకు రోడ్డు తెలుస్తలేదు. కంకర మీద నడుస్తున్ననో, బురదల నడుస్తున్ననో కండ్లతోని చూస్తె తప్ప తెలుస్తలేదు. మోకాళ్లు నావి కానట్టు అటొకటి ఇటొకటి పోతున్నయి. నెత్తి మీద బోనం, పడిపోవద్దని ఒక చెయ్యి పైకి పట్టుకొని, ఎడమకు కుడికి ఊగుతున్న.

"శిగమొచ్చింది! తల్లి పూనింది!" అని ఎవరో ఒర్రిండ్రు.

అంతే, డప్పులోళ్లు దరువు మార్చి నా చుట్టు చేరిండ్రు. ఆడోళ్లు పసుపునీళ్లు నా కాళ్ల మీద పోస్తున్నరు. నీళ్లు పడ్డట్టు సుత తెలుస్తలేదు. మా పక్కింటామె నా చేతుల వేపమండ పెట్టింది. ముసలామె ఒకామె ముందుకొచ్చి చేతులు జోడించి, "తల్లీ, ఏం కోపమొచ్చిందే, ఏం తక్కువ చేసినం చెప్పు," అని అడుగుతున్నది.

"అత్తమ్మా, నాకు కాళ్లు లెవ్వు," అన్న నేను. ఏడ్సుకుంట అన్న.

"తల్లి కాళ్లు లెవ్వంటున్నది!" అని ఆ ముసలామె వెనుకకు తిరిగి అందరికి చెప్పింది. "కాళ్లకు కడియాలు లెవ్వని అడుగుతున్నదే! మొక్కుండ్రి, మొక్కుండ్రి!"

మా అత్తమ్మ అక్కడికక్కడ చెంగు పట్టుకొని అమ్మవారికి వెండి కడియాలు మొక్కింది. నేను మళ్లా చెప్పిన, లెవ్వు, లెవ్వు అని. వాళ్లు మళ్లా దండం పెట్టిండ్రు. అంత జనం నా కాళ్లకు మొక్కుతుండగ నా కాళ్లు పోయినయి. ఇప్పుడు చెప్తుంటె నవ్వొస్తది. అప్పుడు మాత్రం అవ్వా, ఒక్కరన్న నా మాట నా మాటగ వినరా అనిపించింది.

గుడి దాంక పోలే. దీపం పడి చీర కొంగు అంటుకుంటదేమోనని రాజేశం ఉరికొచ్చి బోనం అందుకున్నడు. నా మొఖం చూసిండు. ఆయన ఎక్కువ మాట్లాడడు. "ఇది శిగం కాదు," అన్నడు. గంతే. నన్ను ఎత్తుకొని ఆటో ఎక్కించిండు.

మీకు ఒక్క మాట. కాళ్ల తిమ్మిరి గంట గంటకు మీదికెక్కుతుంటే, మెట్టెక్కుడు కష్టమైతుంటే, గోలీల కోసం మెడికల్ షాపుకు పోకుండ్రి. సీదా పెద్ద దవఖానకు పోండ్రి. రేపు చూద్దమనకుండ్రి.

శ్రావణం

పంజాగుట్ట దవఖానల డాక్టర్ చిన్న సుత్తె తోని నా మోకాలు మీద కొట్టిండు. కాలు లేవలే. ఇంకో మోకాలు కొట్టిండు. అది సుత లేవలే. ఆయన మొఖంల నవ్వు పోయింది. జీబీఎస్ అన్నడు. మన ఒంట్ల జబ్బులతోని కొట్లాడే శక్తే పొరపాటున మన నరాల మీద పడ్తదంట. "కిందికెల్లి పైకి వస్తుంది. ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఊపిరి దాకా రాకుండా చూసుకుందాం," అన్నడు.

నాకు ఆ మాట తెలుగుల వినపడలే. బోర్డు మీద నా చేతిరాతల కనపడ్డది. క్రీప్.

మోకాళ్లు దాటింది. తొడలు. నడుము. చేతులకొచ్చింది, చెంచ పట్టలేకపోయిన. ఐసీయూల పండబెట్టిండ్రు. గొంతు సన్నబడ్డది. మాటే నా బతుకు, ఆ మాటే బయటికి రాక పిల్లి కూన లెక్క మూలుగుడు. మింగుడు కష్టం. పొద్దున మాపున ఒక డాక్టరమ్మ వచ్చి, ఒక్క ఊపిరిల ఎన్ని అంకెలు లెక్కపెడ్తవో పెట్టు అనేది. నేను ఇంగ్లీషుల పెట్టేదాన్ని. ఆమె నవ్వేది. పోయేటప్పుడు నవ్వేది కాదు.

ఐసీయూ బయట రాజేశం, అత్తమ్మ ఇనుప కుర్చీలల్ల కూసునేటోళ్లు. ఆడ ఎవరి పేరు పిలిచినా అందరు లేస్తరంట. ఎవరన్న ఏడ్సుకుంట బయటికొస్తే మిగిలినోళ్లు వాళ్ల మొఖం చూడకుండ చెప్పులు చూసుకుంటరంట. ఇది అత్తమ్మ తర్వాత చెప్పింది.

రాజేశం లోపలికి వచ్చిన ప్రతిసారి ఒకటే పని చేసేటోడు. దుప్పటి జరిపి, నా కాలి వేళ్ల కాడికెల్లి మీదికి ఒక్కొక్క చోట వేలుతోని వత్తుకుంట వచ్చేటోడు. "తెలుస్తున్నదా? గిక్కడ?" అని. నేను కండ్లు మూసి తెరిస్తే తెలిసినట్టు. తెలిసిన కాడ జేబులకెల్లి నీలం సుద్ద తీసి గీత గీసేటోడు. జాకెట్ గుడ్డ మీద గీసే సుద్ద అది. పానం పోతుందా ఉంటదా అని నేననుకుంటుంటే ఈయన నా పెయ్యి మీద కొలతలు గీస్తుండు!

నర్సమ్మ చూసింది. "ఏంటండీ ఇది? పేషెంటు మీద బొమ్మలేస్తున్నారా?"

"ఎక్కడి దాంక వచ్చిందో తెలువాలె కదమ్మా," అన్నడు రాజేశం.

"అది చూడ్డానికి డాక్టర్లున్నారు."

"వాళ్లు మీకు చెప్తరు. ఈమెకెవరు చెప్తరు?"

ఆ నర్సమ్మనే మళ్లా దినం స్పాంజ్ బాత్ చేసినప్పుడు ఆ గీత తుడిచేముందు, "నిన్న ఇక్కడుందమ్మా," అని నా చెయ్యి తీసుకొని ఆ చోట ఆనించింది. అంతటి దయ నాకు ఆ రూముల ఇంకెవరు చూపలే.

గీత దినాం మీదికి జరిగేది. నాకు రాజేశం వచ్చే టైం అంటేనే భయం పట్టుకున్నది. ఒక దినం ఆయన వత్తుకుంట వచ్చి, ఆగి, మళ్లా కిందికెల్లి వత్తి చూసిండు. సుద్ద తీసిండు. గీయలే. ఇంకోసారి చూసిండు.

"నిన్నటి కాడనే ఉన్నది," అన్నడు. "జరగలే."

నేను ఏడ్సిన. అది ఆగింది. నేను చావను. ఆ దినం నాకు పట్టిన మొండితనం ఇంకా నన్ను వదల్లే.

బతుకమ్మ దినాలు

ఇంటికొచ్చిన, కానీ చెక్క మంచం మీద మూట లెక్క. గొంతు వచ్చింది, చేతులు కొంచెం వచ్చినయి. కాళ్లు మాత్రం ఎవరివో పక్కల పండబెట్టినట్టు ఉండేవి. వాకిట్ల ఆడోళ్లు బతుకమ్మ ఆడుతుంటే చప్పట్లు లోపలికి వినపడేవి. చూడనీకె వచ్చినోళ్లందరు ఒకటే పాట, గ్రాడ్యువల్‌గా తగ్గుతది, గ్రాడ్యువల్‌గా. ఆ మాట ఎవడు కనిపెట్టిండో గాని వాని నోట్ల మన్నుపడ!

ఇన్‌స్టిట్యూట్ నడిపే ప్రసాదరావు గారు యాపిల్ పండ్లు పట్టుకొచ్చిండు. భీమవరం ఆయన, మంచాయనే. కుర్చీల అంచుకు కూసున్నడు.

"మేడమ్ గారూ, మీరేం కంగారు పడకండి. మీ బ్యాచ్ కొత్తాయనకి అప్పజెప్పాను. మీరు కోలుకున్నాక హాయిగా కింద ఎంక్వైరీలో కూర్చోండి. లేదంటే ఇంట్లోంచే ఆన్‌లైన్ చెప్పండి. ఏంటి, కూర్చుని చెప్తే ఇంగ్లీషు రాదా ఏంటి?"

"నా క్లాసుల మాట్లాడెటోళ్లు నిలబడ్తరు సార్," అన్న. "అందరిని నిలబెట్టి నేను కూసుంటనా?"

"అయ్యో, అది పద్ధతే కదండీ. మనిషి కోసం పద్ధతి మారుద్ది."

"ఎండకాలం బ్యాచ్ మొదలయ్యేది ఎప్పుడు?"

ఆయనకు అర్థమైంది. అమీర్‌పేటల ఎండకాలం అంటే పరీక్షలైనంక హాల్ నిండ జనం. ఆ బ్యాచ్ ఎవరు మొదలువెడ్తే ఇగ ఆ హాల్ వాళ్లదే. "రెండో అంతస్తు మేడమ్ గారూ. లిఫ్ట్ లేదు," అన్నడు మెల్లగ.

"నాకు ఎరుకే సార్. దినాం ఎక్కినదాన్నే. మొదటి దినం నాకు పెట్టుండ్రి. నేను మెట్లెక్కి రాలేకపోతే, నిలబడి ఒక్క వాక్యం చెప్పలేకపోతే, బ్యాచ్ ఆయనదే. నేను ఎంక్వైరీల కూసుంట, నోరెత్తను."

ఆయన రాజేశం దిక్కు చూసిండు. రాజేశం జాకెట్‌కు గుండీలు కుట్టుకుంట, "ఆమె అడిగింది చెయ్యండ్రి సార్," అన్నడు.

ఆయన పోయినంక మా అత్తమ్మ మొదలువెట్టింది. "కడియాలు మొక్కినం, ఇంకా ఇయ్యలే. తల్లికి కోపమొచ్చే కాళ్లు పట్టుకున్నది. గా కొల్వు, గా ఇంగ్లీషు వద్దు బిడ్డా, మూలకు కూసో, తల్లి శాంతిస్తది."

ఇంటికొచ్చినప్పటి సంది ఆమెనే నాకు బువ్వ తినిపిస్తున్నది, దొడ్డికి తీస్కపోతున్నది. ఒక్క మాట అనేదాన్ని కాదు. ఆ దినం ఆగలే. "నీ తల్లికి కోపముంటే నాకు సుత కోపమున్నదే అత్తమ్మా! కడియాలు నీ తల్లికి పెట్టుకో. నా కాళ్లు మాత్రం నాకు కావాలె!" అని ఒర్రిన. చేతికందిన గిన్నె ఇసిరికొట్టిన. అన్నం గోడకు అతుక్కున్నది.

అత్తమ్మ గోడ దిక్కు చూసింది. గిన్నె దిక్కు చూసింది. "ఓసినీ," అన్నది. "చెయ్యి లేచిందేందే! నిన్న చెంచ పట్టనీకె రాకపాయె, ఇయ్యాల గిన్నె ఇసిరికొట్టినవ్!"

ఇద్దరం నవ్వినం, ఏడ్సినం. "గట్లనే కోపంగుండు బిడ్డా," అన్నది ఆమె, గోడ మీది మెతుకులు తీసుకుంట. "నీకు ఒర్రుడు ఆగితెనే నాకు భయం."

చలికాలం

ఖాజా భాయ్ పొద్దున సవారీలు బందు పెట్టుకొని నన్ను అదే దవఖానకు ఫిజియోథెరపీకి తీస్కపోయేటోడు. వద్దంటే వినలే. "నా ఇంగ్లీషు ఎవరు చెప్పాలె మేడమ్? ఆ కొత్త సార్ అందరిని కూసోబెట్టి చెప్తుండు, నిద్రొస్తున్నది," అనేటోడు. పంజాగుట్ట సర్కిల్ల ఆగినప్పుడల్ల తీరిగ్గ నాతోని ఇంగ్లీషుల మాట్లాడేటోడు.

వెయిటింగ్ హాల్ల ఒకామె రోజూ కనపడేది. సుబ్బలక్ష్మి గారు. భర్తకు పక్షవాతం. ఒకనాడు నా దిక్కు చూసి, "ఏంటమ్మా ఆ జుట్టు? ఇలా తిరుగు," అన్నది. నా వేళ్లకు జడ అల్లుడు ఇంకా చాతనైతలేదు. అడగకుండనే చిక్కు తీసి, గట్టిగ జడ అల్లి, తన బ్యాగులకెల్లి రబ్బర్ బ్యాండ్ తీసి కట్టింది. "జబ్బు మనిషిలా ఉంటే జబ్బు మనిషిగానే చూస్తారు," అన్నది. ఆ దినం సంది ఆమె వచ్చిందా లేదా అని నా కండ్లు ముందుగాల ఆమెనే వెతికేటివి.

ఇంట్ల కటింగ్ టేబుల్ పట్టుకొని నిలబడుడు నేర్చుకున్న. టేబుల్ అంచు పట్టుకొని ఆ చివరి నుంచి ఈ చివరికి. ఎంత దూరం వచ్చిన్నో రాజేశం టేబుల్ చెక్క మీద సుద్దతోని గీత గీసేటోడు. గిరాకీ వచ్చినోళ్లు, "ఏం గీతలన్నా ఇవి?" అని అడిగితే, "ఇంటామెవి," అనేటోడు. కొన్ని దినాలు గీత ముందుకు పోయేది. కొన్ని దినాలు వెనుకకొచ్చేది. వెనుకకొచ్చిన దినం నేను ఎవ్వరితోని మాట్లాడకపోయేదాన్ని. ఒకసారి జారి పడి గడ్డం కింద చిట్లింది. నేల మీద పండుకొని ఇగ చాతకాదు, ఎంక్వైరీల కూసుంట అనిపించింది. నిజం చెప్తున్న, అనిపించింది. రాజేశం లేపనీకె వస్తే వద్దన్న. టేబుల్ కాలు పట్టుకొని నేనే లేచిన. చానా సేపు పట్టింది. ఆయన పక్కనే నేల మీద కూసొని కాజాలు కుట్టుకుంట ఉన్నడు.

ఫిజియో చెప్పే అమ్మాయి ఒకనాడు మెచ్చుకుంట, "యూ ఆర్ క్రీపింగ్ బ్యాక్ మేడమ్," అన్నది. మెల్లగ పాకుకుంట వెనుకటి లెక్క అయితున్నరు అని.

నాకు ఎక్కడ లేని గుస్సా వచ్చింది. "ఆ మాట నాకు పెట్టకమ్మా," అన్న. "అది దొంగ నడక. చప్పుడు చెయ్యకుండ, చెప్పకుండ వచ్చెటోళ్ల నడక. జబ్బు గట్ల వచ్చింది. నేను గట్ల పోను. నేను పోతుంటే వాడకట్టంతా వినపడాలె."

ఆ అమ్మాయి బిత్తరపోయింది. మళ్లా దినం నా వాకర్ కాళ్లకున్న రబ్బరు బుడిపెలు అరిగినయని మారుస్తనంటె, నేను జర గట్టి చప్పుడు చేసేటివి ఉన్నయా అని అడిగిన.

ఎండకాలం

మొదటి దినం వచ్చింది. పొద్దుగాలనే అత్తమ్మ గుడికి పోయి వచ్చి నాకు బొట్టు పెట్టింది. కడియాలు ఎప్పుడో సమర్పించింది. "తల్లికి చెప్పొచ్చిన. మొక్కు చెల్లింది, ఇగ తొవ్వ ఇడువు, మా కోడలు గుస్సల ఉన్నది అని," అన్నది.

ఖాజా భాయ్ బిల్డింగ్ ముందట కారు ఆపిండు. రాజేశం ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొని దిగిండు. "ఎందుకది?" అంటే, దాన్ని మెట్ల కాడ పెట్టిండు.

"మేడమ్, కుర్చీల కూసోండ్రి. నలుగురం ఎత్తుకపోతం, దర్జాగ," అన్నడు ఖాజా భాయ్.

"నేనేమన్న ఊరేగింపుల బొమ్మనా భాయ్? వాకర్ నువ్వు పట్టుకొని మీదికి రా."

ఒక చేత్తోని రెయిలింగ్, ఇంకో చెయ్యి గోడకు. ఒక కాలు మీదికి, రెండో కాలు దాని పక్కకు. మళ్లా ఒక కాలు. మొదటి మలుపు కాడికే జాకెట్ తడిసిపోయింది. సాఫ్ట్‌వేర్ క్లాసుకు టైమైంది, వెనుక పోరగాండ్లు చేరిండ్రు, బ్యాగులు, హెడ్‌ఫోన్లు. కిందికెల్లి ఇంకా వస్తనే ఉన్నరు.

"ఆంటీ, జర సైడ్," అన్నడు ఒకడు.

"సైడ్ లేదు తమ్మీ. నా వెనకనే రా."

"లేట్ అయితది ఆంటీ, ప్లీజ్."

"నాకు పది నెలలు లేట్ అయింది. నువ్వు ఆగు."

ఎవరో నవ్విండ్రు. మెట్ల నిండ మనుషులు, కింద జిరాక్స్ షాపు దాంక. నేను ఒక మెట్టెక్కితే అందరు ఒక మెట్టెక్కుతున్నరు. నేను ఆగితే అందరు ఆగుతున్నరు. వెనుకకెల్లి ఖాజా భాయ్, "మేడమ్, అచ్చం పంజాగుట్ట సర్కిలే," అన్నడు. నవ్వుకు కాళ్లు ఇంకా వణికినయి. మొదటి అంతస్తు రాంగనే పోరగాండ్లు వాళ్ల క్లాసులకు పోవాలె. ఆ లేట్ అయితదన్న పిలగాడు సుత పోలే. ఇంకో అంతస్తు నా వెనుకనే వచ్చిండు, చెయ్యి నాకు తగలకుండ, కానీ పడితే అందేటంత దూరంల పెట్టుకొని.

హాల్ నిండ జనం. ముందటి బెంచీల ప్రసాదరావు గారు, పక్కన ఆ కొత్త సార్. వాకర్ ఇచ్చిండు ఖాజా భాయ్. సిమెంటు నేల మీద టక్, టక్ అని బోర్డు దాంక పోయిన. మార్కర్ తీసుకొని రాసిన. అక్షరాలు వంకర పోయినయి. క్రీప్.

పద్ధతి చెప్పిన. నిలబడాలె, నిజమే చెప్పాలె, అందరు తీర్పియ్యాలె. "మొదటిది నాది," అన్న. వాకర్ పక్కకు జరిపిన. ప్రసాదరావు గారు బెంచి మీదికెల్లి సగం లేచిండు. నేను ఏది పట్టుకోలే.

"సంథింగ్ క్రెప్ట్ అప్ మై లెగ్స్," అన్న. నా కాళ్ల మీదికి ఒకటి పాకుకుంట వచ్చింది. మోకాళ్లు లోపలికెల్లి కొట్టుకుంటున్నయి. "ఐ యామ్ స్టాండింగ్ ఆన్ దెమ్." నేను వాటి మీదనే నిలబడి ఉన్న.

హాల్ల ఎక్కువమంది కొత్తోళ్లు, వాళ్లకు పద్ధతి ఇంకా అలవాటు కాలే. ఎవరు ఏమనాల్నో ఎవరికీ తెలుస్తలేదు. పడిపోతనేమో అనుకున్న.

తలుపు కాడ రాజేశం, చేతుల ఆ ప్లాస్టిక్ కుర్చీ. నా కాళ్ల దిక్కే చూస్తుండు, మడిమల కాడికెల్లి మీదికి. ఇన్నేండ్లల్ల నా క్లాసుకు ఒక్కనాడు రాలే ఆయన. ఇంగ్లీషు ముక్క రాదు.

"సచ్," అన్నడు.

ఖాజా భాయ్ ఒర్రిండు. తర్వాత హాలంతా ఒర్రింది, మెట్ల కాడ నిలబడ్డ సాఫ్ట్‌వేర్ పిలగాడితో సహా. నేను అప్పుడే కూసోలే. బోర్డుకు ఆనుకొని, ముందటి బెంచిలున్న కొత్త సార్ దిక్కు వేలు చూపించిన.

"నెక్స్ట్. లేచి నిలబడుండ్రి సార్."